వడ్డనకి వెళ్ళాలనుకుంటున్నారు సరే, ఎక్కడికి?

మొన్న కార్తీకంలో మా పిన్ని కూతురు ఫోన్ చేసింది. "అక్కా, నేను కూడా ఎక్కడైనా అన్నం పెట్టే చోట సాయం చేద్దామనుకుంటున్నా. ఎక్కడికి వెళ్ళమంటావ్?" అని అడిగింది. తనది గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. శని, ఆదివారాలు తప్ప ఊపిరాడదు. అదే వారం గుంటూరు నుంచి మా బాబాయ్ కూడా ఇదే మాట అడిగారు. ఆయన రిటైరైన టీచర్. రోజంతా ఖాళీయే గాని మోకాళ్ళు సహకరించవు. ఇద్దరికీ ఒకే జవాబు చెప్పలేకపోయాను. ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పినదంతా ఒకచోట రాస్తే ఇంకొకరికి పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

నేను తొమ్మిదేళ్ళుగా హైదరాబాద్‌లో ఒక ప్రభుత్వ ఆసుపత్రి బయట మధ్యాహ్న భోజనం పెట్టే చిన్న బృందంలో ఉన్నాను. అంతకుముందు తిరుమలలో శ్రీవారి సేవ చేశాను, గురుద్వారాలో గిన్నెలు తోమాను, పెళ్ళిళ్ళలో మిగిలిన భోజనం రాత్రిపూట పంచే కుర్రాళ్ళతో రెండేళ్ళు తిరిగాను. ఒక్కోచోట పని వేరు, తినేవాళ్ళు వేరు, మన నుంచి వాళ్ళకి కావాల్సింది వేరు. ఎక్కడ పుణ్యం ఎక్కువో చూసుకుని వచ్చినవాళ్ళు నేను చూసినంతలో మూడో వారానికి మానేశారు. ఏ గంటకి రాగలను, వారానికి ఎన్నిసార్లు రాగలను, ఎన్నాళ్ళు రాగలను అని లెక్క వేసుకుని వచ్చినవాళ్ళు నిలిచారు. నా సలహా అంతా ఈ లెక్క చుట్టూనే తిరుగుతుంది.

వేళ విలువ మన పెద్దలకి బాగా తెలుసు. కోనసీమలోని లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు (1841-1909) ఎంతమందికి పెట్టారో ఎవరూ లెక్క రాసి ఉంచలేదు. గోదావరి పాయలు దాటి ఏ వేళప్పుడు వచ్చి తలుపు తట్టినా ఆ ఇంట్లో అన్నం దొరుకుతుందన్న ధీమా మాత్రం జనానికి ఉండేది. ఆ ధీమా వల్లే ఆవిడ పేరు నిలిచింది. ఆంధ్రప్రదేశ్‌లో బడి పిల్లల మధ్యాహ్న భోజన పథకానికి 2024లో ఆవిడ పేరే పెట్టారు. రోజూ ఎక్కడ తినాలో తెలియనివాళ్ళకి ఇవాళ్టి పాయసం కన్నా రేపటి పప్పన్నం మీద నమ్మకం ముఖ్యం. ఇది గుర్తుపెట్టుకుని కింద రాసినవి చదవండి.

గుడి అన్నదానం

చాలామంది అడుగు ముందు ఇటే పడుతుంది. తిరుమలలో నిత్యాన్నదానం 1985లో ఎన్టీ రామారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు మొదలైంది. ఇప్పుడు తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనంలో ఒక్క బంతికి దాదాపు నాలుగు వేలమంది కూర్చుంటారు. కూరగాయలు తరగడంలో, వడ్డించడంలో శ్రీవారి సేవకుల చేయి చాలా ఉంటుంది. 2000లో మొదలైన ఈ సేవకి ముందుగా ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి. సాధారణంగా వారం రోజులు అక్కడే ఉండాలి. వయసు నిబంధన ఉంటుంది, ఏ విభాగంలో పని వేస్తే అది చేయాలి.

వారం సెలవు పెట్టగలిగితే ఒక్కసారైనా వెళ్ళి రమ్మంటాను. వేలమందికి వడ్డన ఎలా సాగుతుందో అంత దగ్గరగా చూసే అవకాశం ఇంకెక్కడా రాదు. అన్నం బకెట్ వెనక ఎంత దూరంలో సాంబారు బకెట్ నడవాలి, మారు వడ్డన ఎప్పుడు మొదలుపెట్టాలి, ఒక బంతి లేచి ఇంకో బంతి కూర్చునేలోపు నేల ఎలా తుడవాలి, ఇవన్నీ నేను అక్కడే నేర్చుకున్నాను. అయితే అది భక్తులకి పెట్టే ప్రసాదం. పస్తులున్నవాళ్ళకి పెట్టాలన్న కోరికతో బయల్దేరినవాళ్ళు తిరుమల సేవని దానికి బదులుగా అనుకోకూడదు. రెండూ గొప్పవే, రెండూ వేరు.

మన వీధి గుడుల సంగతి ఇంకో రకం. గురువారం సాయిబాబా గుడిలో, శనివారం వెంకటేశ్వరస్వామి గుడిలో అన్నదానం ఉంటుంది. వినాయక చవితి నవరాత్రుల్లో పందిరి పందిరికీ ఉంటుంది. కార్తీకమాసం అడగక్కర్లేదు. ఆ రోజుల్లో చేతులకి కొరత ఉండదు, ఒక్కోసారి తినేవాళ్ళ కన్నా వడ్డించేవాళ్ళే ఎక్కువ కనిపిస్తారు. అదే వీధిలో బుధవారం మధ్యాహ్నం ఒక్క పొయ్యి వెలగదు. మీ చుట్టుపక్కల ఏ రోజు ఎక్కడ పెడుతున్నారో ఒక కాగితం మీద రాసుకుని చూడండి. ఖాళీగా ఉన్న రోజు కనిపిస్తుంది. ఆ రోజు పెట్టేవాళ్ళు ఊళ్ళో ఎవరైనా ఉంటే మీ అవసరం వాళ్ళకి ఉంది.

రాయలసీమవాళ్ళకి ఇంకో దారి ఉంది. నల్లమల చుట్టుపక్కల క్షేత్రాల్లో అవధూత కాశినాయన పేరు మీద నడిచే అన్నసత్రాలకి వెళ్ళి చూడండి. వచ్చినవాళ్ళు ఎవరని అడగకుండా ఆకు వేస్తారు. చుట్టుపక్కల రైతులు బియ్యం, కూరగాయలు తెచ్చి ఇచ్చి, ఒక పూట పని చేసి పోతుంటారు. హడావిడి ఉండదు. పల్లెటూరి పెళ్ళిలో పని చేసినట్టు ఉంటుంది.

గురుద్వారా లంగర్

లంగర్ అంటే గురుద్వారాలో ఎవరు వచ్చినా ఉచితంగా పెట్టే భోజనం. కొత్తవాళ్ళకి అన్నిటికంటే సులువైన గుమ్మం ఇదేనని నా అభిప్రాయం. పేరు నమోదు అక్కర్లేదు, మతం అడగరు. తలకి గుడ్డ కట్టుకోవాలి, చెప్పులు విప్పి కాళ్ళు కడుక్కోవాలి, అంతే. హైదరాబాద్‌లో అమీర్‌పేటలోనూ సికింద్రాబాద్‌లోనూ గురుద్వారాలు ఉన్నాయి. 1832 ప్రాంతంలో నిజాం రాజ్యానికి వచ్చిన సిక్కు సైనికుల వారసులు, అంటే దక్కనీ సిక్కులు, తరాలుగా ఇక్కడివాళ్ళే. వంటశాలలోకి వెళ్ళి "ఏదైనా పని చెప్పండి" అంటే ఉల్లిపాయల బుట్ట ముందు పెడతారు. నాకు మొదటిరోజు గిన్నెలు తోమే పని ఇచ్చారు. నా పక్కన తోముతున్న పెద్దాయనకి సొంతంగా రెండు షాపులున్నాయని తర్వాత తెలిసింది.

అందరూ ఒకే వరుసలో నేల మీద కూర్చుని ఒకటే రొట్టె, ఒకటే పప్పు తింటారు. ఎవరు పేద, ఎవరు కాదు అన్న ప్రశ్నే అక్కడ పుట్టదు. పెట్టే చెయ్యి పైన ఉంటుందన్న భావన మన మనసులోంచి పోవడానికి అక్కడ నాలుగు ఆదివారాలు చేస్తే చాలు. ఒక ఆదివారం మానేసినా పని ఆగదు కాబట్టి, టైమ్ కచ్చితంగా చెప్పలేనివాళ్ళకి బాగా సరిపోతుంది. అమెరికాలో, కెనడాలో, ఇంగ్లాండులో ఉన్న మనవాళ్ళకి కూడా గురుద్వారా చాలా ఊళ్ళలో దగ్గర్లోనే ఉంటుంది.

ఆసుపత్రి గేటు

ఇది నా చోటు, అందుకే కొంచెం ఎక్కువ రాస్తాను.

ప్రభుత్వ ఆసుపత్రిలో చేరిన రోగికి లోపల భోజనం ఇస్తారు. రోగితో వచ్చినవాళ్ళ సంగతి వేరు. ఆదిలాబాద్ నుంచో నాగర్‌కర్నూల్ నుంచో భర్తని తీసుకొచ్చిన మనిషి చేతిలో ఉన్నదంతా బస్సుకీ, బయట రాసిన పరీక్షలకీ అయిపోతుంది. నాలుగో రోజుకి ఆమె టీ, బన్నుతో గడుపుతుంటుంది. రోగికి ఇచ్చిన అన్నంలోంచి రెండు ముద్దలు తిని అదే భోజనమనుకునేవాళ్ళని ఎంతోమందిని చూశాను. ఉస్మానియా, గాంధీ, విశాఖ కేజీహెచ్, కర్నూలు పెద్దాసుపత్రి, ఏ ఊరు తీసుకున్నా కథ ఇదే. హైదరాబాద్ పెద్దాసుపత్రుల్లో సహాయకులకి ఐదు రూపాయల భోజనం 2022లో మొదలయ్యాక కొంత ఊరట వచ్చింది. కానీ వార్డులోంచి కదలలేనివాళ్ళకి, డాక్టర్ రౌండ్స్ అయ్యేదాకా బయటికి రాలేనివాళ్ళకి వేళ దాటిపోతుంది. ఆ దాటిపోయినవాళ్ళ కోసమే మా బృందం ఒంటిగంటకి మొదలుపెట్టి రెండున్నరదాకా ఉంటుంది.

ఇక్కడ పని చేయాలంటే కొన్ని కచ్చితంగా తెలియాలి. పెళ్ళిళ్ళలో వందమందికి పది కిలోల బియ్యం సరిపోతుంది. ఇక్కడ పదమూడు కిలోలు పోసినా గుండిగ అడుగు కనిపిస్తుంది, ఎందుకంటే చాలామందికి అది రోజు మొత్తానికి ఒకటే పూట. కారం తగ్గించాలి. నిద్రలేని కడుపులకి మంట పడదు. ముసలివాళ్ళకి అన్నం మెత్తగా ఉండాలి. పప్పు రోజూ ఉండాలి, మజ్జిగ తప్పకూడదు. స్వీటు పెట్టకపోయినా ఎవరూ ఏమీ అనరు. కొందరు డబ్బాలో పెట్టించుకుని లోపలికి పట్టుకెళ్తారు. "ఇక్కడే తినాలి" అని కొత్త వాలంటీర్ ఒకబ్బాయి ఒకావిడని ఆపాడు. ఆవిడ తన కోసం కాదు, వార్డులో మంచం పక్కన ఉన్న అత్తగారి కోసం అడుగుతోంది. అప్పటి నుంచి మేం ఆ ప్రశ్న అడగడం మానేశాం.

మనసు గట్టిగా ఉండాలి. నిన్న వడ్డించినవాళ్ళు ఇవాళ మార్చురీ దగ్గర కనిపిస్తారు. కొందరు కంచం పట్టుకుని ఏడుస్తారు. ఆ సమయంలో సలహాలు చెప్పకుండా పక్కన నిలబడగలిగే మనిషి కావాలి. వారానికి ఒక్కరోజే అయినా ఫర్వాలేదు, అది ఒకే రోజై ఉండాలి. మీ బుధవారం వంట మిమ్మల్ని లెక్కలో వేసుకునే జరుగుతుంది. మీరు రాకపోతే సాంబారు బకెట్ ఎత్తే మనిషి ఉండరు.

ఇలా ఒకే చోట, ఒకే వేళకి పెట్టడం ఎంత దూరం వెళ్తుందో చూడాలంటే పాతబస్తీలో దబీర్‌పురా ఫ్లైఓవర్ కిందికి వెళ్ళి చూడండి. సయ్యద్ ఉస్మాన్ అజహర్ మక్సూసీ 2012లో ఆకలితో ఉన్న ఒక స్త్రీకి తన భోజనం ఇచ్చి మొదలుపెట్టిన పని అది. మొదట్లో వంట ఇంట్లోనే చేసి పట్టుకెళ్ళేవారు. ఆకలికి మతం లేదన్నది ఆయన మాట.

మిగిలిన భోజనం పంచే బృందాలు

కుర్రవాళ్ళు ఎక్కువగా ఇటు వస్తారు. 2014లో ఢిల్లీలో మొదలైన రాబిన్ హుడ్ ఆర్మీ వీటిలో బాగా తెలిసినది. డబ్బు విరాళాలు తీసుకోరు. రెస్టారెంట్ల దగ్గర మిగిలిన ఆహారం తీసుకుని అవసరమైనవాళ్ళకి చేరుస్తారు. మన నగరాల్లో ఇలాంటి చిన్న బృందాలు చాలా ఉన్నాయి. కావాల్సినవి ఒక బండి, ఒక వాట్సాప్ గ్రూపు, రాత్రి పదింటి తర్వాత మేలుకోగల వయసు. వంట పని ఉండదు, ఆఫీసు వేళలకి అడ్డురాదు. అన్నం చెత్తకుప్పలోకి వెళ్ళకుండా ఆపామన్న తృప్తి చాలా పెద్దది.

కానీ ప్రమాదం ఎక్కువ ఉన్నదీ ఇక్కడే. ఒక మే నెల రాత్రి మాకు ఒక ఫంక్షన్ హాల్ నుంచి ఫోన్ వచ్చింది. వెళ్ళేసరికి పన్నెండయింది. ఎప్పుడు వండారని అడిగితే "ఇప్పుడే మేడమ్" అన్నారు. వాసన చూశాం, బాగానే ఉంది. స్టేషన్ బయట పడుకున్నవాళ్ళని లేపి పెట్టాం. మర్నాడు ఇద్దరు పిల్లలకి వాంతులు. ఆ అన్నం మధ్యాహ్నం మూడింటికి దించిందని తర్వాత బయటపడింది. పిల్లలు కోలుకున్నారు. నేను మాత్రం ఆ పిల్లల తల్లి ముఖం ఇంకా మర్చిపోలేదు. ఏం పెట్టినా తినక తప్పని మనిషికి మనం పెట్టే ముద్ద మన ఇంట్లో పిల్లలకి పెట్టేదానికన్నా జాగ్రత్తగా ఉండాలి.

అప్పుడు తెలుసుకున్నవి చెప్తాను. వండిన ఆహారం 60 డిగ్రీల కన్నా వేడిగా గాని 5 డిగ్రీల కన్నా చల్లగా గాని ఉండాలి. మధ్యలో రెండు గంటలు మించితే నమ్మకూడదు, మన ఎండాకాలంలో గంట చాలు. అన్నంలో పెరిగే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా వదిలే విషం మళ్ళీ వేడి చేసినా పోదు, వాసనకీ తెలియదు. కొబ్బరి చట్నీ, పెరుగు పచ్చడి, మాంసం కూరలు ముందు పాడవుతాయి. పులిహోర, చపాతీ కొంత ఆగుతాయి. మిగులు ఆహారాన్ని సేకరించి పంచే సంస్థల కోసం కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2019లో ప్రత్యేకంగా నిబంధనలు తెచ్చింది. మీరు చేరబోయే బృందాన్ని మూడు ప్రశ్నలు అడగండి. వండిన టైమ్ రాసుకుంటారా? మూత ఉన్న శుభ్రమైన డబ్బాలు సొంతంగా ఉన్నాయా? అనుమానం వస్తే పారేసే ధైర్యం ఉందా? మూడోదానికి "అయ్యో, అన్నం ఎలా పారేస్తాం" అన్న జవాబు వస్తే ఆ బృందంలో చేరకండి.

ఇంకో లోపం కూడా ఉంది. పెళ్ళిళ్ళ సీజన్లో పంచలేనంత వస్తుంది, మూఢం రాగానే ఫోన్ మోగదు. తినేవాళ్ళకి ఏ రాత్రి వస్తుందో, ఏ రాత్రి రాదో తెలియదు. ముహూర్తాలకి సంబంధం లేకుండా రోజూ మిగిలేది హోటళ్ళలో, ఆఫీసు క్యాంటీన్లలో. వాటితో ఒప్పందం ఉన్న బృందమైతే మేలు.

ఐదు రూపాయల క్యాంటీన్లు, పెద్ద వంటశాలలు

ఆంధ్రప్రదేశ్‌లో 2018లో మొదలై, మధ్యలో మూతపడి, 2024 ఆగస్టులో మళ్ళీ తెరిచిన అన్న క్యాంటీన్లు, హైదరాబాద్‌లో 2014 నుంచి నడుస్తున్న ఐదు రూపాయల భోజనం, ఇవన్నీ పెద్ద కేంద్ర వంటశాలల మీద ఆధారపడినవి. అక్కడ జీతం తీసుకునే సిబ్బంది, యంత్రాలు ఉంటాయి. మన చేతులతో వాళ్ళకి పెద్దగా పని ఉండదు, డబ్బుతో ఉంటుంది. టైమ్ లేనివాళ్ళు, విదేశాల్లో ఉన్నవాళ్ళు పుట్టినరోజుకో తద్దినానికో ఒక పూట భోజనం ఖర్చు ఇలాంటి చోట ఇవ్వడం చాలా మంచి పని. టైమ్ లేనప్పుడు బలవంతంగా వడ్డనకి రావడం కన్నా ఇదే మేలని గట్టిగా చెప్తాను. రసీదు తీసుకోండి.

అనాథ పిల్లల హాస్టళ్ళకి కేక్ పట్టుకుని వెళ్ళే ఆలోచన ఉంటే మానుకోండి. తల్లిదండ్రులు లేని పిల్లల చేత వేరే పిల్లల పుట్టినరోజు పాటలు పాడించడం చూడలేం. ఆ డబ్బు నెల సరుకులకి ఇవ్వండి.

ఫోటోల గురించి

ఏ చోటు ఎంచుకున్నా, మొదటిరోజు వెళ్ళినప్పుడు ఫోన్లు ఎటు తిరిగి ఉన్నాయో చూడండి. కంచం అందుకుంటున్న మనిషి ముఖానికి కెమెరా పెట్టే చోట ఒక్కరోజు కూడా ఉండకండి. మా గేటు దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది ఊళ్ళో నలుగురికి పెట్టిన కుటుంబాలవాళ్ళు. జబ్బు వచ్చి రోడ్డున పడ్డారు. వాళ్ళ ఊరివాళ్ళు ఆ ఫోటో చూస్తే ఏమవుతుందో ఆలోచించండి. దాతలకి చూపించాలంటే గుండిగలు తీయండి, కూరగాయల బస్తాలు తీయండి, లెక్కల పుస్తకం తీయండి.

ఇంతకీ వాళ్ళిద్దరికీ ఏం చెప్పాను

చెల్లికి గురుద్వారా చెప్పాను. నెలకి రెండు ఆదివారాలు, ఆఫీసులో రిలీజ్ టెన్షన్ ఉంటే మానేసినా ఎవరూ ఆకలితో పడుకోరు. రాత్రి బృందంలో చేరతానంది. ఆడపిల్ల కదా అని వద్దనలేదు. ఆ మూడు ప్రశ్నలు అడిగి రమ్మన్నాను. అడిగితే వాళ్ళు చిరాకుపడ్డారట, చేరలేదు. ఆరు నెలలు గడిచాక కూడా వెళ్ళాలనిపిస్తే అప్పుడు ప్రతి వారం తప్పకుండా రాగల ఒక రోజు చూసుకుని మా దగ్గరికి రమ్మన్నాను.

బాబాయ్‌కి మాత్రం నేరుగా ఆసుపత్రి గేటే చెప్పాను. మోకాళ్ళ సంగతి అడిగారు. నలభై కిలోల గుండిగ ఎత్తడానికి కుర్రాళ్ళు దొరుకుతారు. రోజూ పన్నెండున్నరకి వచ్చి కుర్చీలో కూర్చుని టోకెన్లు ఇస్తూ, ఎవరు ఏ ఊరు, ఎన్నాళ్ళయింది అని నెమ్మదిగా పలకరించే పెద్దమనిషే దొరకరు. గుంటూరులో పెద్దాసుపత్రి దగ్గర పెట్టే ఒక బృందాన్ని ఆయనే వెతుక్కున్నారు. మొదటి వారం ఏమీ అనకుండా చూడమన్నాను, ముప్పై ఏళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పిన మనిషి కాబట్టి. రెండో వారం ఫోన్ చేసి, "అమ్మాయ్, ఇక్కడ ఆదివారం అరవై మందికి మిగిలిపోతోంది, సోమవారం నలభై మందికి చాలట్లేదు. వీళ్ళు రోజూ ఒకటే కొలత వండుతున్నారు" అన్నారు. ఆదివారం దాతలు ఎక్కువ, సోమవారం ఓపీకి జనం ఎక్కువ. టోకెన్ల పుస్తకం చూసి ఆయన పట్టుకున్నారు. ఇప్పుడు ఆదివారం బియ్యంలో ఐదు కిలోలు తీసి సోమవారం గుండిగలో పోస్తున్నారు.